కారుకొక ఇత్తడి చెంబు

నా చిన్నతనంలో మా కారు తిరుమల కొండ ఎక్కేది. ఎక్కటంలో దాని లోపమేమీ లేదు. రెండో గేరులో మూలుగుతూ, వెనక వచ్చే బస్సులన్నిటికీ దారి ఇచ్చి, మర్యాదగానే ఎక్కేది. తంటా అంతా పైకి చేరి ఆపిన తర్వాతనే. ఇంజను ఆపిన నిమిషానికి బానెట్టు కింద పాము బుసకొట్టినట్టు చప్పుడు. ఆ వెంటనే ముందు చక్రాల మధ్య వేడినీళ్ళ ధార. చుట్టుపక్కల వాళ్ళు పిల్లల్ని పక్కకు లాక్కునేవారు. ఒకాయన ఫ్యాన్ బెల్టు అనేవాడు. ఇంకొకాయన అమ్మెయ్యమనేవాడు. మా అమ్మ వెనకసీట్లోంచి నింపాదిగా దిగి, "కొండకొచ్చి తలనీలాలిచ్చే వాళ్ళను చూసినాను గానీ, నీళ్ళిచ్చే కారును దీన్నే చూస్తా ఉండా" అనేది.

ఆ కారు అంబాసిడరు, మార్క్ 4. 1984లో మా నాయన కొన్నాడు. అప్పటికి నాకు నాలుగేళ్ళు. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే పేరుతో తిరిగిన బండికి మన దేశపు రూపం అది. కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో అర్ధశతాబ్దం పైగా తయారై, 2014లో ఆగిపోయింది. చలిదేశపు వాళ్ళు గీసిన బొమ్మ రాయలసీమ ఎండలో ఇన్నేళ్ళు తిరగటమే గొప్ప అనుకోవాలి. అది ఈనాటికీ తిరుచానూరులో మా ఇంటి ముందు రేకుల పంచలో వుంది.

1992 వేసవి సంగతి చెప్పకపోతే ఈ కథ సాగదు. తిరుమలకు ఇప్పుడు రెండు ఘాట్ రోడ్లు. 1944లో తెరిచిన మొదటి దాని మీద దిగటం, 1974లో వచ్చిన రెండో దాని మీద ఎక్కటం. ఆ రోజు ఎండలో రెండోది ఎక్కి, పైన చెట్టు కింద ఆపి, మా నాయన రేడియేటర్ మూత మీద తువాలు వేసి తిప్పాడు. ఒక్క చుట్టు. తువాలు ఎగిరి ఎక్కడో పడింది. ఎడమచేయి మణికట్టు నుంచి మోచేతి దాకా ఉడికిపోయింది. దర్శనానికి పోవలసిన వాళ్ళం ఆసుపత్రికి పోయాం. ఆ మచ్చ ఆయనతోనే పోయింది, 2018లో. బతికినన్నాళ్ళూ మా ఇంట్లో రెండు నియమాలు వుండేవి: డిక్కీలో అయిదు లీటర్ల నీళ్ళ డబ్బా లేనిదే ఊరు దాటరాదు; గంట ఆగనిదే మూత ముట్టరాదు.

ఇక కిందటి శ్రావణం. మదనపల్లెలో మా మేనమామ మనుమరాలి పెళ్ళి. అమ్మకు డెబ్బయి నాలుగేళ్ళు. బస్సు వద్దంది, టాక్సీ వద్దంది, "మీ నాయన కారులోనే పోదాం" అంది. తెల్లవారుజామునే బయలుదేరాం. చంద్రగిరి దాటి, రంగంపేట దాటి, భాకరాపేట ఘాటు సగం ఎక్కేసరికి ముల్లు ఎర్రగీత ముట్టింది. పక్కకు తీసి ఆపాను. యథాప్రకారం బుస, ధార. పట్టుచీర కట్టుకున్న అమ్మ రోడ్డు పక్కన రాతి మీద కూర్చుంది. గంట ఆగనిదే మూత ముట్టరాదు గదా! ఆ గంటా ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. మేం చేరేటప్పటికి తలంబ్రాలు కూడా అయిపోయి, పంక్తిలో ఆకులు వేస్తున్నారు.

ఆ రాత్రే బెంగుళూరు నుంచి తమ్ముడు ఫోను చేసి, "అన్నా, ఇంక చాలు, అమ్మెయ్" అన్నాడు. అమ్మ వింటూనే వుంది. మర్నాడు కాఫీ ఇస్తూ, "అమ్మితే అమ్ము నాయనా. ఒక్కసారి హార్సిలీ హిల్స్‌కు పోయి వచ్చి అమ్ము" అంది. కారు కొన్న కొత్తలో మా నాయన ఆమెను మొట్టమొదట దూరం తీసుకుపోయింది అక్కడికేనట. మదనపల్లె దాటిన తర్వాత వుంది ఆ కొండ. నాలుగు వేల అడుగులకు పైమాటే. భాకరాపేట ఘాటే ఎక్కలేని బండికి అదెట్లాగు?

తిరుపతిలో ఒక మరమ్మతు షాపుకు తోలుకుపోయాను. పేరెందుకు లెండి. వాళ్ళు చూసి, "పాతకాలపు బండి సార్, దీనికి సర్జ్ ట్యాంకు లేదు. పెట్టిస్తే సరి" అన్నారు. ఆ మాట నిజమే. కొత్త కార్ల బానెట్టు ఎత్తితే ఒక మూల తెల్లని ప్లాస్టిక్ డబ్బా, అందులో పచ్చనివో ఎర్రనివో నీళ్ళు కనిపిస్తాయి గదా, అటువంటిది. ఏదో కొత్త కారుది ఒకటి తెచ్చి బిగించి పంపారు. మూడోనాడు మా వీధి మొగలోనే ఫట్టుమని పేలిన చప్పుడు. ఈసారి ధార కింది నుంచి కాదు, రేడియేటర్ పక్క అతుకు నుంచి. మళ్ళీ పోతే, "రేడియేటర్ పాతది సార్, మార్చాలి" అన్నారు. చెప్పిన ఖరీదు విని నేను ఇంటికి నడిచి వచ్చాను.

మా కాలేజీలో ఒక మిత్రుడు చెబితే తిరుపతి పొలిమేరలో రేడియేటర్లు మాత్రమే బాగుచేసే ఒక పెద్ద మేస్త్రి దగ్గరికి పోయాను. అరవై దాటిన మనిషి. షెడ్డు నిండా లారీల రేడియేటర్లు గోడకు చేర్చిన తలుపుల్లాగా వున్నాయి. ఆయన మా కారు చుట్టూ ఒకసారి తిరిగి, ప్లాస్టిక్ డబ్బా మూత చూసి, "దీని పాత మూత యాడ సార్?" అని అడిగాడు. డిక్కీలో వుంది. తెచ్చి ఇచ్చాను. దాని మీది మసి బొటనవేలితో తుడిచి నాకు చూపించాడు. 7 అని అచ్చు. డబ్బా మూత మీద 15.

"ఇంట్లో కుక్కరుండాది గదా సార్? ఏడు పౌన్ల కుక్కరు మీద పదహైదు పౌన్ల వెయిట్ పెట్టినారు. అతుకు విడిపోక ఏమయితాది?"

చదువరుల్లో గృహిణులకు ఇది నాకన్నా త్వరగా అర్థమై వుంటుంది. నేను తెలుగు ఎమ్మే. సైన్సు నన్ను ఇంటర్మీడియట్‌తోనే వదిలేసింది. అయినా ఆ రోజు షెడ్డులో బల్ల మీద కూర్చుని విన్నదీ, తర్వాత పుస్తకాలు తిరగేసి సరిచూసుకున్నదీ చెబుతాను.

తెరిచిన గిన్నెలో నీరు నూరు డిగ్రీలకు మరుగుతుంది. మూత బిగించి ఒత్తిడి పెంచితే మరిగే వేడి కూడా పెరుగుతుంది. కుక్కరులో పప్పు త్వరగా ఉడకటానికి కారణం అదే. రేడియేటర్ మూత కూడా అటువంటిదే. చదరపు అంగుళానికి 7 పౌన్ల ఒత్తిడి దాకా లోపలే పట్టి వుంచి, అది దాటితే స్ప్రింగు లేచి వదిలేస్తుంది. ఆ ఒత్తిడిలో నీరు 111 డిగ్రీల దాకా మరగదు. 15 పౌన్లయితే 121 దాకా మరగదు. కొత్త కార్లకు అది మేలే. కాని నలభై ఏళ్ళ నాడు టంకం పెట్టిన ఇత్తడి అతుకులు ఆ ఒత్తిడికి పుట్టినవి కావు. ఇంకొక చిక్కు: ఎత్తు పెరిగేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి నీరు ముందే మరుగుతుంది. హార్సిలీ హిల్స్ మీద తెరిచిన గిన్నెలో సుమారు 96 డిగ్రీలకే మరుగుతుంది. అంటే ఇంజను అత్యంత కష్టపడే చోటనే నీటి ఓర్పు తగ్గిపోతుందన్నమాట.

మరి ఆపిన తర్వాతనే ఎందుకు పొంగుతుంది? ఇది నన్ను చిన్నప్పటి నుంచీ వేధించిన ప్రశ్న. ఇంజను తిరుగుతున్నంతసేపు పంపు నీటిని తిప్పుతుంది, ఫ్యాను గాలి తోలుతుంది. ఆపగానే రెండూ నిలిచిపోతాయి. ఇనుములో నిలవున్న వేడి మాత్రం నిలవదు. కదలని నీళ్ళలోకి దిగుతుంది. ఆ నీళ్ళు ఉబ్బుతాయి, అక్కడక్కడ ఆవిరవుతాయి, మూత తోసుకుని బయటపడతాయి. ఆనాడు మా నాయన చెయ్యి పెట్టింది సరిగ్గా ఆ క్షణంలోనే.

పోయిన నీళ్ళు పోయినట్టే. కారు చల్లారినప్పుడు లోపలి నీరు ముడుచుకుంటుంది. ఖాళీ అయిన చోటికి బయటి గాలి చొరబడుతుంది. ఆ గాలి బుడగలు ఇంజను తలలో చేరితే అక్కడ నీరు తగలదు, ఇనుము ఇంకా కాగుతుంది, మరుసటిసారి ఇంకొంచెం ముందుగా పొంగుతుంది. భాకరాపేట ఘాటులో అమ్మను రాతి మీద కూర్చోబెట్టింది ఈ గాలే.

ఎంత నీళ్ళకు ఇంత రభస అని నాకు తెలుసుకోవాలనిపించింది. మేస్త్రి కారులోని నీళ్ళన్నీ బకెట్లలోకి దించాడు. కొలిస్తే ఏడు లీటర్లకు కొంచెం తక్కువ. ఇరవై డిగ్రీల నుంచి నూరు డిగ్రీలకు పోతే నీరు నూటికి నాలుగు పాళ్ళు ఉబ్బుతుంది. ఏడు లీటర్లకు లెక్క వేస్తే పావు లీటరుకు కాస్త పైన. కూలెంటు కలిపిన నీరయితే ఇంకొంచెం ఎక్కువ. అంతే! నలభై ఏళ్ళుగా మా కారుకు కరువైంది ఒక చెంబెడు నీళ్ళు పట్టే జాగా.

"ఇప్పుడు ఉండే గొట్టం మొరవ సార్" అన్నాడు మేస్త్రి. మా చిత్తూరు సీమలో చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోయే చోటును మొరవ అంటాం; కోస్తా వాళ్ళు కలుజు అంటారు. "మొరవ పోయిన నీళ్ళు మళ్ళీ చెరువుకు రావు. కొన్ని బండ్లకు గొట్టం కింద ఒక బాటిల్ తగిలిస్తారు. అది మొరవ కింద కుంట. చల్లారినాక నీళ్ళు ఎనక్కి పీల్చుకుంటాది, మంచిదే. కానీ గాలి లోపలే ఉండిపోతాది. నేను చేసేది కుంట కాదు. చెరువులోనే ఇంకొక గది."

ఆ ప్లాస్టిక్ డబ్బా ఎందుకు పనికిరాదని అడిగాను. దాని మూత మరలతో బిగిసే రకం. 7 పౌన్లది ఆ కొలతకు తన దగ్గర లేదన్నాడు. పాత మూతే పట్టాలంటే పాత మూతి కావాలి. అంచేత తనే ఇత్తడి రేకుతో ట్యాంకు కట్టి, ఒక విరిగిన రేడియేటర్ మూతి కోసి దానికి అతుకుతానన్నాడు. ఖర్చు మాట చెప్పాడు: షాపువాళ్ళు అడిగిన దాంట్లో నాలుగో వంతు కూడా లేదు.

పని మొదలయ్యేసరికి కార్తీకం వచ్చింది. అమ్మవారి బ్రహ్మోత్సవాల రోజుల్లో తిరుచానూరు వీధుల్లోంచి కారు బయటికి తియ్యటం మాట మరిచిపోవలసిందే. పంచమీ తీర్థం నాడు పద్మ సరోవరంలో జనం ఒక్కసారిగా మునుగుతారు. మేం మెట్ల మీద దూరంగా నిలబడి చూస్తున్నాం. జనం మునగ్గానే నీళ్ళు మెట్ల మీదికి జరిగాయి, లేవగానే దిగాయి. అమ్మ నా మోచెయ్యి పొడిచి, "మీ మేస్త్రి చెప్పింది ఇదే గదరా? మెట్లుండాయి కాబట్టి సరిపోయింది" అంది. కాలేజీలో ఇన్నేళ్ళుగా ఉపమాలంకారం చెబుతున్నది నేను!

తర్వాతి వారం రెండు రోజులు షెడ్డులోనే వున్నాను. చూడవలసిన పని అది. ఇత్తడి రేకును కర్ర దిమ్మె మీద వంచి, రెండు లీటర్లకు లోపు పట్టే డోలు లాంటిది చేశాడు. బ్లో ల్యాంపుతో కాచి అంచులకు టంకం పారించాడు. ఆ తర్వాత ఆయన అతి జాగ్రత్తగా చేసింది మూతి. దాని గొట్టాన్ని ట్యాంకు లోపలికి రెండంగుళాలు దించి, పై అంచు దగ్గర సన్నని బెజ్జం వేశాడు. ఎందుకంటే, నీళ్ళు పోసేటప్పుడు మట్టం ఆ గొట్టం అడుగును తాకగానే పైనున్న గాలి చిక్కుకుపోతుంది. ఆ వెంటనే గొట్టంలో నీళ్ళు పైకి వచ్చేస్తాయి. పోసేవాడు నిండిందనుకుని ఆపుతాడు. అట్లా రెండంగుళాల ఖాళీ ఎవరి తెలివితోనూ పని లేకుండా మిగులుతుంది. ఆ సన్నని బెజ్జం వేడెక్కినప్పుడు గాలి మెల్లగా మూత దగ్గరికి పోవటానికి.

ట్యాంకును బానెట్టు కింద వెనకవైపు రేకుకు, రేడియేటర్ కన్నా ఎత్తుగా బిగించాడు. గాలి పైకి పోతుంది గనుక అన్నిటికన్నా ఎత్తయిన చోటు దానిదే కావాలి. రేడియేటర్ పైభాగం నుంచి ఒకటి, ఇంజను తల నుంచి ఒకటి, రెండు సన్నని గొట్టాలు ట్యాంకు పైభాగానికి వస్తాయి. ఎక్కడా కిందికి వంగకుండా ఏటవాలుగా ఎక్కాలి. వంగితే ఆ వంపులో నీళ్ళు నిలిచి గాలికి అడ్డుపడతాయి. ట్యాంకు అడుగు నుంచి ఒక లావుపాటి గొట్టం కిందికి దిగి, పంపు నీళ్ళు పీల్చుకునే రబ్బరు గొట్టానికి అతుకుతుంది. పీల్చే చోట ఒత్తిడి తక్కువై నీరు బుడగలయ్యే ప్రమాదముంది. ట్యాంకులోని నీటి ఒత్తిడి అక్కడ అండగా వుంటుంది. రేడియేటర్ మీద స్ప్రింగు లేని ఉత్త మూత బిగించి, 7 పౌన్ల మూతను ట్యాంకు నెత్తిన పెట్టాడు. పేలిన అతుకుకు కొత్త టంకం పడింది.

నీళ్ళ దగ్గర నాకు చివాట్లు పడ్డాయి. ఇన్నాళ్ళూ మేం పోసింది మా ఇంటి బోరు నీళ్ళు. కాఫీ నీళ్ళు కాచే గిన్నెకు పట్టిన తెల్లపొరే రేడియేటర్ గొట్టాలకూ పట్టింది. ఇప్పుడు డిస్టిల్డ్ వాటరు సగం, కూలెంటు సగం. కూలెంటు వేడిని నీటికన్నా ఎక్కువ మోస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ పనిలో నీరే గొప్పది. కూలెంటు చేసేది వేరే: మరిగే వేడిని కొంచెం పైకి తోసి, తుప్పును ఆపటం. అందులో వుండే ఎథిలీన్ గ్లైకాల్ విషం, పైగా తీపి. నేలమీద ఒలికితే కుక్కలు నాకుతాయి, డబ్బా అందితే పిల్లలు నోట పెట్టుకుంటారు. మేస్త్రి ఒలికిన చుక్కల మీద రంపప్పొట్టు చల్లి ఊడ్చేదాకా తన షెడ్డు కుక్కను కట్టేసి వుంచాడు.

మూత తీసే వుంచి ఇంజను నడిపించాడు. ట్యాంకులో బుడగలు రావటం మొదలైంది. రబ్బరు గొట్టాలను పాలు పితికినట్టు పిసికాడు. ఇంకా బుడగలు. పావుగంట సేపు వచ్చాయి. అంత గాలి మా కారు ఎన్నేళ్ళుగా మోసిందో! బుడగలు ఆగిన తర్వాత తగ్గిన మట్టం నింపి, మూత వేసి, "దీన్ని అమ్మేటట్టయితే నాకు చెప్పండి సార్" అన్నాడు.

అన్నట్టు, సర్జ్ ట్యాంకుకు తెలుగేమిటని నేను షెడ్డులో కూర్చునే ఆలోచించాను. పొంగుతొట్టి అనుకున్నాను, బాగానే వుందనిపించింది. మేస్త్రి ఎక్‌స్ట్రా ట్యాంకు అంటాడు. ఇంటికి తీసుకురాగానే అమ్మ బానెట్టు ఎత్తించి చూసి, "చెంబు బాగా చేసినాడే" అంది. ఆ తర్వాత మా ఇంట్లో దానికి వేరే పేరు లేదు.

మార్గశిరంలో ఒక గురువారం తెల్లవారుజామున బయలుదేరాం. అయిదు లీటర్ల డబ్బా డిక్కీలో వుంది. మా నాయన మొదటి నియమం ఇంకా రద్దు కాలేదు. భాకరాపేట ఘాటులో ముల్లు మధ్య గీత దాటింది, అక్కడే నిలిచింది. ఆ రాయి వచ్చినప్పుడు అమ్మ అటు చూసింది, ఏమీ అనలేదు. పీలేరులో ఇడ్లీలు తిన్నాం. మదనపల్లెలో మేనమామ ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు పోదామంది. హార్సిలీ హిల్స్ మలుపుల్లో రెండో గేరు, ఒకటి రెండు చోట్ల మొదటి గేరు. ముల్లు పైకి జరుగుతుంటే నాకు చేతులు చెమట పట్టాయి. ఎర్రగీతకు వేలెడు దూరంలో ఆగిపోయింది.

పైన యూకలిప్టస్ చెట్ల కింద ఆపాను. తాళంచెవి తిప్పి, ఇద్దరం దిగకుండా కూర్చున్నాం. లోపల గుళగుళమన్న చప్పుడు వినిపించింది. అది బుస కాదు. కడుపులో నీళ్ళు సర్దుకున్న చప్పుడు. నిమిషం అయింది. రెండు అయింది. నేను దిగి, వంగి, ముందు చక్రాల మధ్య నేల చూశాను. ఎండుటాకులు పొడిగా వున్నాయి.

"మీ నాయన ఆ కొసన నిలబడి సిగరెట్టు కాల్చినాడు. నేను చూడలేదనుకున్నాడు" అంది అమ్మ దిగి, కొంగు చుట్టూ కప్పుకుంటూ.

ఆ రాత్రి మేనమామ ఇంట్లో పడుకున్నాం. పొద్దున ఇంజను చల్లగా వున్నప్పుడు మూత తీసి చూశాను. నీళ్ళు మేస్త్రి ఆపిన చోటనే, మూతి గొట్టం అడుగును తాకుతూ వున్నాయి. బెంగుళూరుకు ఫోను చేసి తమ్ముడికి ఆ సంగతి చెబుతూ వుండగానే, అమ్మ వంటింట్లోంచి గిన్నెలో పసుపు తెచ్చి చెంబుకు రాసి, కుంకుమ బొట్టు పెట్టింది. వేడికి పసుపు మాడి దారి పొడుగునా వాసన వస్తుందని చెప్పి చూశాను. రానీ అంది.